అదను తప్పిన యాత్ర

రోహిణికార్తె ఎండలో ఉదయగిరి బస్సుస్టాండున దిగి, దుర్గము వైపు తలయెత్తి చూచువారు అరుదు. బండలు అట్లపెనమువలె కాగుచుండును. సముద్రమట్టమునకు 3,079 అడుగుల ఎత్తుగల ఆ కొండ నెక్కదలచినవాడు చీకటితో బయలుదేరి, ఎండ ముదురకముందే దిగిరావలెను. ఆ దినములలో నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమలో క్రొత్తముఖము కనబడుట తక్కువ. సందర్శకులు రాని కాలము మరియొకటి కలదు. జిల్లాకు కురియవలసిన వానలో అధికభాగము అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములతో వచ్చును. బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదన్న వార్త వినగానే ప్రయాణములు మానుకొనుట ఇచ్చటివారికి అలవాటు.

అందరును మానుకొనిన ఈ రెండు కాలములలోనే ప్రయాణము చేయక తప్పనివారు కొందరున్నారు. వారు బడిపంతుళ్లును, విద్యార్థులును. వేసవి సెలవులు ఏప్రిల్ చివరివారమున మొదలై జూన్ రెండవవారమున ముగియును. దసరా సెలవులు వానల రాకతో కలిసివచ్చును. సంక్రాంతి సెలవులలో గాలి చల్లగా, ఆకాశము తేటగా ఉండునన్న మాట నిజమే. కాని అరిసెలు వండిన ఇల్లు విడిచి కోటలు చూడబోయెడి ఉపాధ్యాయుడు ఎంతటి చరిత్రాభిమానియైనను ఇంటివారిచేత మాటపడవలసివచ్చును. కావున లోకమునకు అదను కాని కాలమే పంతులుగారికి అదను.

ఇందువలన లాభములు లేకపోలేదు. లాడ్జిలో గది సులువుగా దొరకును. బస్సులో కూర్చుండుటకు చోటుండును. గోడవారనున్న శాసనమును ఒక గంటసేపు నిలుచుండి కూడబలుకుకొన్నను వెనుకనుండి త్రోయువారుండరు. అయితే జనముతో కూడ పోవునది మరియొకటి కలదు. జనసమ్మర్దము యాత్రికుని విసిగించును గాని, వానికి తెలియకుండనే వానికి కాపలా కాయును. తిరునాళ్లలో కొబ్బరికాయ ధరను పదిమంది అడిగియుందురు, పదిమంది చెల్లించియుందురు. పదునొకండవవానికి వేరు ధర చెప్పవలెనన్న అంగడివానికి నోరాడదు. జనము లేనినాడు ధరయు, దూరమును, నియమమును, స్థలపురాణమును చెప్పువాడు ఒక్కడే. వాడు చెప్పినదానిని సరిచూచుకొనుటకు రెండవ నోరు లేదు. అదను కాని కాలపు మోసమంతయు ఈ రెండవ నోరు లేకపోవుటమీదనే నిలిచియున్నది.

దానికి తోడు జీవనపు లెక్క ఒకటి కలదు. యాత్రల దినములలో నూరుమందివలన పదేసి రూపాయలు సంపాదించువాడు, జనము లేని దినములలో వచ్చిన ఒక్కనివలననే ఆ వేయి రూపాయలును రాబట్టవలెనని చూచును. అందరు నట్టివారు కారు, పెక్కుమంది కారు. అట్టివాడు ఊరికొక్కడున్నను చాలును, బస్సు దిగిన పరదేశికి మొదట ఎదురగువాడు వాడే. నిజాయితీపరుడు తన పనిమీద తానుండును; ఎదురువచ్చి పలుకరించుటకు వానికి తీరిక యెక్కడిది?

అదను కాని వేళ బయలుదేరిన తెలుగు యాత్రికులలో ఏనుగుల వీరాస్వామి పేరెన్నికగన్నవాడు. చెన్నపట్టణమున సుప్రీంకోర్టులో దుబాసీగా నున్న ఆయన 1830 మే 18వ తేదీన, నడివేసవిలో, కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరినాడు. నూరుమంది పరివారము, బోయీలు, డేరాలు వెంటనుండుటచేత ఆయనకు సాగినదని కొందరు తేలికగా అందురు. అది సగము మాట. ఏ మజిలీలో నీరున్నది, ఏ ఊరిలో అంగళ్లున్నవి, దారి యిసుకయా, రాయియా, ఏ రేవులో ఎవరికేమి ఇచ్చుకొనవలసి వచ్చినది—ఇవి ఎప్పటికప్పుడు వ్రాసిపెట్టిన మనిషి ఆయన. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర, తరువాత బయలుదేరువారికి రెండవ నోరుగా పనిచేసినది. నేటి యాత్రికుని చేతనున్న చరవాణిలో దానికన్న వేయింతల సమాచారమున్నది. కాని దారిలో వ్రాసిపెట్టుకొను అలవాటు మాత్రము పోయినది. ఒప్పుకొన్న ధర, బండి నంబరు, మాట యిచ్చిన మనిషి పేరు ఎదుటనే కాగితముమీద వ్రాసికొన్నచో, ఆ వ్రాతను చూచిన మాత్రముననే అనేకుల ధోరణి మారును.

ఉదయగిరి విషయములో యాత్రికుడు ముందుగా విచారించుకొనవలసినది దారి కాదు, చరిత్ర. ఇది వింతగా తోచవచ్చును. అక్కడ అమ్మజూపు బూటకములలో అధికము చరిత్ర పేరు పెట్టుకొని వచ్చునవే.

ఆ దుర్గము గజపతులచేతిలో నుండగా శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించి 1514లో పట్టుకొనెను. ముట్టడి ఏడాదిన్నర సాగినదనియు, రాయలు బండలు పగులగొట్టించి కొండలమీదుగా దారులు వేయించెననియు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసినాడు. ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రాహుత్తరాయలు అచ్చట పట్టువడెను. విజయచిహ్నముగా రాయలు ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, అచ్చట ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించినట్లు హంపిలోని కృష్ణాలయ శాసనము చెప్పుచున్నది. ఆ విగ్రహము నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్నది. కోటలు మొత్తము పదమూడు. ఎనిమిది కొండమీదను, అయిదు కొండక్రిందను ఉండెడివి. గోల్కొండ సుల్తానుల కాలమున కట్టిన మసీదులు, పారసీక శాసనములు కొండమీద నున్నవి.

ఇంతపాటి చరిత్ర తెలిసిన విద్యార్థిని కొండమీద మోసగించుట కష్టము. “అసలు కృష్ణవిగ్రహము ఈ నేలమాళిగలోనే యున్నది, చూపించెదను, ఇంత ఇమ్ము” అని ఎవడైన అన్నచో, విగ్రహము ఏ యేట ఏ ఊరికి పోయినదో ఆ బాలుడే చెప్పగలడు. “ఈ సొరంగము పెనుకొండదాక పోవును” అన్నచో, భూగోళపటము చూచిన బాలిక నవ్వును. తెలుగుదేశములో సొరంగము లేని కోట లేదు. ఏ సొరంగమును కొనదాక పోయి చూచినవాడును లేడు. ఇట్టి కథలు వినుట తప్పు కాదు. వానికి టిక్కెట్టు కొనుట మాత్రము అనవసరము.

కొండ దారి చూపుటకు వచ్చువాడు ఊరివాడే కావలెను, అది మంచిదే. కాని బేరము క్రిందనే జరుగవలెను. ఎక్కుటకును దిగుటకును కలిపి ఒకే మొత్తమని చెప్పుకొని, సొమ్ము దిగిన తరువాత ఇచ్చుట పద్ధతి. ఎండ వేళ సగము దారిలో, చెంబునీళ్లు అయిపోయిన చోట నిలుచుండి “ఇంతవరకే మాట్లాడుకొన్నది” అనువానితో వాదించుటకు యాత్రికునికి ఓపిక యుండదు. తోడు పదిమంది పిల్లలున్నచో అసలే యుండదు. నీళ్లు ఎవరివి వారు మోసికొనిపోవలెను. దూరపు కొండలు నునుపు అన్న సామెత పుట్టినచోటు ఇదేయేమో యని, దుర్గమును సగమెక్కినవానికి తోచును.

ఈ బూటకములలోకెల్ల పెద్దది గుప్తనిధి. దీనినిగూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఇందులో పోవునది యాత్రికుని సొమ్ము మాత్రమే కాదు.

పాతకోట యున్న ప్రతి చోటను రాజుల ధనము పాతిపెట్టియున్నదను మాట వినబడును. ఉదయగిరి పెద్ద కోట గనుక మాటయు పెద్దది. మోసగాడు మొదట ధనమును చూపడు, అనుమానమును చూపును. ఒక నాణెము తీసి, గొఱ్ఱెల కాపరికి దొరికినదని చెప్పును. యాత్రికుడు దానిని త్రిప్పి చూచుచుండగా, ఇంకను ఉన్నవని గాని, ఎక్కడ ఉన్నవని గాని చెప్పడు. ఆ ప్రశ్నను యాత్రికునిచేతనే అడిగించును. అడిగిన క్షణమున బేరమంతయు వాని చేతిలోనికి పోవును. తరువాత పూజ కావలెను, పూజకు సొమ్ము కావలెను, పూజారికి అమావాస్య కావలెను, అమావాస్యనాడు ఆటంకము కలుగును, ఆటంకమునకు శాంతి కావలెను. ఇటీవలి కాలమున దీనికి రైస్ పుల్లింగ్ అను క్రొత్త వేషము వేసినారు. బియ్యపుగింజలను తనవైపు లాగుకొను రాగిచెంబు కలదనియు, విదేశ సంస్థలు దానిని కోట్ల రూపాయలకు కొననున్నవనియు నమ్మించి, పరీక్షలకని బయానా తీసికొందురు. రాగి అయస్కాంతమునకు అంటదనియు, బియ్యపుగింజను ఏ లోహమును లాగదనియు ఎనిమిదవ తరగతి సామాన్యశాస్త్రము చెప్పును. అయినను ఉభయ తెలుగు రాష్ట్రములలో చదువుకొన్నవారు సైతము దీనివలన సొమ్ము పోగొట్టుకొని పోలీసుస్టేషన్లకు పోయినారు. మరికొందరు పరువునకు వెరచి ఆ గడపయు త్రొక్కలేదు.

నాణెము సంగతి వేరుగా చూడదగినది. కృష్ణదేవరాయలు బాలకృష్ణుని ముద్రతో బంగారు వరహాలు వేయించినాడు. ఉదయగిరి విజయమునకు అవి గురుతులని పెక్కురు చెప్పుదురు. కావున ఉదయగిరిలో బాలకృష్ణ ముద్రగల నాణెము చూపినచో చదువుకొన్నవాని మనసు లొంగును. అజ్ఞాని అనుమానించునది, అర్ధజ్ఞాని నమ్మును! వరహా తూకము సుమారు మూడున్నర గ్రాములకు లోబడి యుండును. పోతపోసిన నకిలీ నాణెము అంచులు మొద్దుబారి, తూకము ఎక్కువగానో, తక్కువగానో తేలును. అయితే తూకము సరిపోయినను కొనవలసిన పని లేదు. 1972 పురావస్తువుల చట్టము ప్రకారము నూరేండ్లకు మించిన పురావస్తువులతో వ్యాపారము చేయుటకు లైసెన్సు ఉండవలెను. భూమిలో దొరికినది పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. అనగా, కొండదారిలో అమ్మజూపిన నాణెము నకిలీయైనచో సొమ్ము పోవును. అసలుదైనచో నేరము మీదికి వచ్చును.

దీని ఫలము కొండమీద కన్నులకు కట్టును. పాడుపడిన గుడులలో గర్భగృహపు నేల త్రవ్వి గోతులు చేసినారు. శత్రువుల ముట్టడికి నిలిచిన గోడలు, గునపము పట్టిన అత్యాశకు నిలువలేకపోయినవి. రాతిపలక పెల్లగించి ఆవల పారవేసినవానికి అది శాసనమో, మెట్టో తెలియదు. ఆ పలకమీది నాలుగు పంక్తులే ఆ గుడినిగూర్చి మనకు మిగిలిన సర్వస్వము కావచ్చును. నిధి మాటను వేడుకగా విని, “నిజముగానే ఉన్నదా?” అని అడిగి, పది రూపాయలిచ్చి వచ్చిన యాత్రికుడును ఆ గునపమునకు పిడి వేసినవాడే. పిల్లలకు ఈ మాట కొండమీద, ఆ గోతి ప్రక్కననే చెప్పుట మేలు.

దిగివచ్చిన తరువాత ఊరిలో చూడవలసినది వేరొకటి కలదు. దుర్గపు కొండలలో దొరకు నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి వంటి కొయ్యలతో ఉదయగిరి పనివాండ్రు చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చేయుదురు. పనివారిలో ముస్లిము కుటుంబములవారు ఎక్కువ. స్త్రీల చేయి ఇందులో ప్రధానము. చెంచా పిడికి జల్లెడవలె సన్నని చిల్లులు తొలిచి తీర్చుట చూడముచ్చటగా నుండును. 1999 భౌగోళిక సూచికల చట్టము క్రింద ఈ వస్తువులు ఉదయగిరి పేరుతో నమోదైనవి. పేరు వచ్చినదనగా దానిని దొంగిలించువారును వత్తురు. యంత్రముమీద కోసి, వార్నీషు పూసి, ఎక్కడనో చేసిన చెంచాను “ఉదయగిరిది” అని దూరపు పట్టణములలో అమ్మవచ్చును. డజను చెంచాలు ఒక్కతీరుననే, వెండ్రుకవాసి తేడా లేకుండ ఉన్నచో సంశయింపవలెను. చేతిపనిలో ఒక చెంచా కుడికి తిరిగిన చోట, మరియొకటి రవంత ఎడమకు తిరుగును. ఆకురాయి జాడ వ్రేలికి తగులును.

ఇచ్చట మోసము రెండవవైపు నుండియు జరుగును. దానినిగూర్చి యాత్రికులకు చెప్పు గ్రంథములు మౌనము వహించును. జనము రాని వేసవిలో పనివాని యింట సరుకు పేరుకొనియుండును. ఆ సంగతి కనిపెట్టిన యాత్రికుడు, “నెల్లూరిలో సగము ధరకే చూచి వచ్చితిమి” అని చూడని ధర చెప్పి బేరమాడును. రెండు దినముల పని ఒక పూట కూలికి అడుగును. అమ్మకము లేని వాడు ఇచ్చివేయును. ఆ యాత్రికుడే తిరిగివచ్చి, తనను ఆటోవాడు ఇరువది రూపాయలు ఎక్కువ తీసికొని వంచించెనని పదిమందికి చెప్పుకొనును!

ఎఱ్ఱచందనమని చాటుగా కొయ్యముక్క చూపువానిని మాత్రము చేరనీయరాదు. వెలిగొండ అడవులలో ఆ చెట్టున్నమాట నిజము. దానిని దొంగతనముగా నరికి తరలించుట ఘోరమైన నేరమన్నమాటయు నిజమే. బొమ్మయని, మందని, తావీదని ఏ పేరు పెట్టినను, చెక్‌పోస్టున సంచి విప్పించినపుడు సమాధానము చెప్పుకొనవలసినవాడు సంచి మోయువాడు.

ఇక దారి. కడప జిల్లా బద్వేలు వైపునుండి నెల్లూరికి పోవు 67వ నెంబరు జాతీయరహదారి ఆత్మకూరు మీదుగా పోవును. ఈ ప్రాంతపువారు నేటికిని దానిని ముంబయి రోడ్డనియే అందురు. ఉదయగిరి ఆత్మకూరునకు వాయవ్యముగా నున్నది. రెండు ఊళ్లలోను ఆర్టీసీ డిపోలు కలవు. కాబట్టి ఆత్మకూరు బస్సుస్టాండు వెలుపల “ఈ దినము ఉదయగిరి బస్సు లేదు, వానకు దారి తెగినది, నా బండియే గతి” అని ఎవడైన అన్నచో, చేయవలసిన పని నూరడుగులు నడిచి లోపలి విచారణ కిటికీయొద్ద అడుగుట. అదియే ఇచ్చట రెండవ నోరు. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏర్పడిన తరువాత, ఉపాధ్యాయినులును బాలికలును గుర్తింపుకార్డు చూపి సున్న రూపాయల టిక్కెట్టు తీసికొని పోవచ్చును. అట్టివారికి “బస్సు లేదు” అను మాట విలువ ఎంతయో లెక్క కట్టుకొనవచ్చును.

సోమశిలకు పోదలచినవారు ఒక్కమాట గమనింపవలెను. పెన్నమీది ఆ జలాశయము 78 టి.ఎం.సి.ల నీరు పట్టును. కాని వేసవిలో గేట్లనుండి దుముకు నీటిని చూపెదనని బండి మాట్లాడువాడు, లేని నీటికి బాడుగ అడుగుచున్నాడు. వానకాలమున నీరు నిజముగా దుమికినపుడు మాత్రము చూడబోవుటకు వెనుకాడవలెను. 2021 నవంబరు 19న ఎగువను చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ వరద పెన్నలో కలిసి సోమశిలమీదుగా నెల్లూరువరకు చేసిన నష్టమును ఈ ప్రాంతమువారు మరువలేదు. “ఏమియు కాదు, నేనున్నాను” అను బండివాని ధైర్యము అట్టి దినములలో చాలదు.

ఇవన్నియు ముఖాముఖి జరుగునవి. ముఖము కనబడని మోసము ఇంటినుండి బయలుదేరకముందే ముగియును. అదను కాని కాలమున సగము ధరకు గదులని, నలుబదిమంది పిల్లలకు బస్సు, భోజనము, బస కలిపి చౌకగా ఇచ్చెదమని చరవాణికి సందేశము వచ్చును. ఇంపైన బొమ్మలతో వెబ్‌సైటు తెరచుకొనును. “ఈ రాత్రిలోపల చెల్లించినచో” అని గడువు పెట్టును. తిరుమల గదులకు, దర్శనమునకు దేవస్థానము పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుచున్నవని దేవస్థానమువారే పలుమారులు హెచ్చరించినారు. ఇట్టిచోట పోవు సొమ్ము పంతులుగారిది కాదు, నలుబది యిండ్లది. అందులో కొన్ని కూలివారి యిండ్లు. మూడువందల రూపాయలు ఇచ్చుటకు ఆ తల్లి రెండు వారములు తీసికొనియుండును. కావున అడ్వాన్సు పంపకమునుపు ఆ లాడ్జి ఉన్న ఊరిలోని మనిషి ఒకడు దానిని కంటితో చూచి చెప్పవలెను. సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. తొలి గంటలలో చెప్పినచో సొమ్మును మధ్యదారిలో ఆపుటకు వీలుండును. సిగ్గుపడి తెల్లవారువరకు ఆగినచో, అది నాలుగు ఖాతాలు దాటిపోవును.

ఊరిలోని మనిషి ఎవడని ప్రశ్న రావచ్చును. దీనికి ఉపాధ్యాయులకున్న వసతి మరి ఏ వృత్తివారికిని లేదు. ఉదయగిరిలోను ఆత్మకూరులోను ఉన్నతపాఠశాల లున్నవి. వానిలో సాంఘికశాస్త్రము చెప్పువారున్నారు. సెలవులు రాకమునుపే, మార్చి నెలలో, ప్రధానోపాధ్యాయునిపేర ఒక ఉత్తరము వ్రాయవచ్చును. కొండకు దారి చూపు నమ్మకస్థుడెవడు, వానికి ఎంత ఇచ్చుట మర్యాద. మేలో కొండమీది కోనేటిలో నీరుండునా. చెంచాలు చేయువారి వీధి ఎక్కడ. తెల్లవారుజామున మొదటి బస్సు ఎన్నింటికి—ఇంతే. జవాబు వచ్చినచో దానిని తరగతిలో చదివి వినిపించి, ఒక విద్యార్థిచేత పుస్తకములో ఎక్కించి, ఆ పుస్తకమును వెంట తీసికొనిపోవలెను. తిరిగివచ్చిన తరువాత ఆ పుటలోనే, నిజముగా అయిన ఖర్చును ఎఱ్ఱసిరాతో వ్రాసి, ఒక ప్రతిని ఉదయగిరి బడికి పంపవచ్చును. వచ్చే వేసవికి మరియొక ఊరి పంతులుగారు వ్రాయు ఉత్తరమునకు అది అక్కడ సిద్ధముగా నుండును.